సంగటి ముద్దలు కలిసినట్టు: ప్లాస్టిక్ అతుకు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు ఊడుతుంది

పాకాల పక్కన మా మామిడి తోటకు బోరు నీళ్లు తెచ్చే నల్ల పైపు పోయిన వేసవిలో ఒక అతుకు దగ్గర ఊడిపోయింది. పగల్లేదు, చీలలేదు, రంపంతో కోసినట్టు రెండుగా విడిపోయింది. 110 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) పైపు, గోడ మందం ఆరున్నర మిల్లీమీటర్ల పైనే. ఏనుగు తొక్కినా ఏమీ కాదనిపించే పైపు అది. మధ్యలో వేసిన అతుకు మాత్రం ఆరు నెలలు తిరక్కుండానే పోయింది. విడిపోయిన మొహం మీద వేలు పెట్టి చూస్తే అద్దంలా నున్నగా ఉంది.

ఆ నునుపు చూస్తేనే సంగతి అర్థమైంది. బాగా అతికిన ప్లాస్టిక్‌ను బలవంతంగా విడదీస్తే అది సాగుతుంది, తెల్లబడుతుంది, పీచులు పీచులుగా చిరుగుతుంది. నున్నగా ఊడిందంటే ఆ రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనుకున్నాయే కానీ కలవలేదు. బయటికి చూడ్డానికి మాత్రం ఆ అతుకు చుట్టూ ఉంగరంలాగా చక్కటి ఉబ్బు ఉంది. చూసినవాళ్లెవరైనా గట్టి అతుకే అంటారు.

ఆనుకోవడం వేరు, కలవడం వేరు. ప్లాస్టిక్ వెల్డింగ్‌లో తెలుసుకోవాల్సిందంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మనం రోజూ చూసే వస్తువులతోనే దాన్ని చెప్పడానికి ప్రయత్నిస్తాను. తోట పైపులు, మిద్దె మీద ట్యాంకు, కారు బ్యాటరీ, సెల్‌ఫోన్ చార్జరు, బండి డూమ్. వీటిలో కొన్ని అతికించి చేసినవి, కొన్ని చీలితే అతికించుకునేవి, ఒక్కోదానిది ఒక్కో పద్ధతి.

రాగి సంగటి చేసే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది సులభంగా తెలుస్తుంది. వేడివేడి ముద్దలు రెండు పక్కపక్కన పెట్టి అరచేత్తో నొక్కితే ఒకే ముద్ద అవుతాయి. గీత కూడా కనపడదు. అవే ముద్దలు ఆరి, పైన పొర కట్టాక ఎంత నొక్కినా పక్కపక్కన కూర్చుంటాయి తప్ప ఒకటి కావు. పట్టి లాగితే ఎక్కడ ఆనాయో అక్కడే విడిపోతాయి.

ప్లాస్టిక్‌లో ఉండేవి పొడవాటి గొలుసులు. ఒక్కో గొలుసులో వేలకొద్దీ కార్బన్ పరమాణువులు వరసగా అల్లుకుని ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు గొలుసులు కదల్లేవు. కరిగినప్పుడు ఒకదాని సందులోంచి ఒకటి పాముల్లా జరుగుతాయి. ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పియేర్ జీల్ ద జెన్ 1971లో ఈ కదలికను లెక్కగట్టి, పాకే ప్రాణి పేరు మీదనే దానికి పేరు పెట్టారు. 1991లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కరిగిన రెండు మొహాలను కలిపి నొక్కితే ఇటు గొలుసుల కొసలు అటు, అటువి ఇటు పాకి చిక్కుపడతాయి. చల్లారాక ఆ చిక్కే అతుకు. మధ్యలో జిగురు లేదు, మేకు లేదు.

పాకడానికి మూడు కావాలి: వేడి, ఒత్తిడి, సమయం. వేడి అందరికీ కనపడుతుంది కాబట్టి అందరూ దాని మీదే దృష్టి పెడతారు. ఒత్తిడి సంగతి కొందరికి తెలుసు. సమయాన్ని మాత్రం ఎవరూ ఖాతరు చేయరు. మా పైపు పోయింది కూడా అక్కడే.

బెల్లమా, ఇటుకా

అన్ని ప్లాస్టిక్‌లూ కరగవు. చిత్తూరు బెల్లం దిమ్మెను వేడి చేస్తే పాకమవుతుంది, చల్లారితే మళ్లీ గడ్డ కడుతుంది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఇటుక అలా కాదు. పచ్చి మట్టిని ఒకసారి కాల్చాక మళ్లీ మట్టి చేయలేం. ప్లాస్టిక్‌లలోనూ ఈ రెండు రకాలున్నాయి. పాలిథీన్, పాలిప్రొపిలీన్, పీవీసీ, ఏబీఎస్, నైలాన్, అక్రిలిక్ ఇవన్నీ బెల్లం జాతి. కుక్కరు పిడిలో ఉండే బేకలైట్, ఫైబర్ తొట్లలో ఉండే రెసిన్, గట్టిపడ్డ ఆరల్డైట్ ఇటుక జాతి. వాటిలో గొలుసులు ఒకదానికొకటి ముడిపడి వలలా అయిపోయి ఉంటాయి, ఇక పాకే దారి లేదు. వేడి చేస్తే కరగవు, మాడతాయి. కుక్కరు పిడి విరిగితే ఎంత మంచి పనివాడైనా వెల్డింగ్ చేయలేడు. అది పనితనం లోపం కాదు, పదార్థం స్వభావం.

బెల్లం జాతిలో కూడా ఏదిబడితే అది దేనితోనైనా కలవదు. ఎక్కువ డబ్బు దండగయ్యేది ఇక్కడే. పాలిథీన్, పాలిప్రొపిలీన్ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, రెండూ మైనంలా జారుతుంటాయి, రెండూ నీళ్లలో తేలతాయి. అయినా రెంటినీ కరిగించి కలిపితే నూనె, నీళ్లలా విడివిడిగానే ఉంటాయి. అతికినట్టు కనిపించి, రెండు రోజులకు పెచ్చులా ఊడొస్తాయి. కలవని జాతుల మధ్య అక్కడక్కడ కలిసే జంటలూ ఉన్నాయి. ఏబీఎస్, అక్రిలిక్ బాగా అతుకుతాయి. బండి వెనక లైటులో ఎర్రద్దాన్ని దాని వెనక డబ్బాకు అతికించగలగడం అందుకే.

మరి చేతిలో ఉన్న ముక్క ఏ జాతో ఎలా తెలుస్తుంది? ముందు అచ్చు గుర్తు వెతకండి. బంపర్ల లోపలివైపు, డూమ్‌ల వెనక, డబ్బాల అడుగున ఇంగ్లిషు అక్షరాల్లో పీపీ అనో ఏబీఎస్ అనో చిన్నగా పోసి ఉంటుంది. గుర్తు లేకపోతే చిన్న ముక్క కోసి నీళ్లలో వెయ్యండి. పాలిథీన్, పాలిప్రొపిలీన్ తేలతాయి. పీవీసీ రాయిలా మునుగుతుంది, ఏబీఎస్ కూడా మునుగుతుంది. ఇంకా అనుమానముంటే ముక్క కొసను అంటించి, ఆర్పి, వాసన చూడొచ్చు. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వస్తే పాలిథీన్ జాతి. దట్టమైన నల్ల పొగ, మసి వస్తే ఏబీఎస్. మంట తీయగానే తనంతట తాను ఆరిపోయి ముక్కుపుటాలు మండే ఘాటు వస్తే పీవీసీ. ఆ ఘాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి. ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి ఆరుబయట, గాలి వాటం చూసుకుని, గోరంత ముక్కతోనే చూడాలి.

ఇళ్లలో పీవీసీ పైపులు అతికేటప్పుడు పొయ్యీ లేదు, మంటా లేదు. డబ్బాలో సొల్యూషన్ ఉంటుంది, బ్రష్షుతో పూసి, దూర్చి, పావువంతు తిప్పి పట్టుకుంటారు. చాలామంది దాన్ని గమ్ము అంటారు కానీ అది గమ్ము కాదు. అందులోని ద్రావకాలు పైపు పైపొరను కరిగిస్తాయి, గొలుసులు వదులై అటూ ఇటూ పాకుతాయి, ద్రావకం ఆవిరైపోయాక మిగిలేది పీవీసీనే. అంటే ఇదీ వెల్డింగే, వేడి చేసే పనిని ద్రావకం చేస్తోంది. అందుకే పూసిన వెంటనే మోటారు వేయకూడదు. ఎక్కువ పూస్తే గట్టిగా ఉంటుందనుకుని ఒంపేస్తే, లోపల మడుగు కట్టి పైపు గోడనే మెత్తబరుస్తుంది.

అదే సొల్యూషన్ నల్ల పైపుకు పూస్తే తుడిస్తే పోతుంది. మామూలు వేడిలో పాలిథీన్‌ను కరిగించే ద్రావకం లేదు. మామూలు జిగుర్లూ దానికి అంటవు. నీటి బొట్టు పడితే పూసల్లా జారిపోతుంది చూడండి, జిగురూ అలాగే పరచుకోకుండా ముడుచుకుంటుంది. బకెట్టు చీలితే అంగట్లో దొరికే మామూలు ట్యూబులు పనికిరాకపోవడానికి కారణం ఇదే. దానికి వేడే నమ్మకమైన దారి.

ఇది మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. సైకిల్ మీద వీధుల్లో తిరుగుతూ బిందెలకు, బకెట్లకు మాట్లు వేసేవాళ్లు ఇనప కడ్డీ కాల్చి, పాత బకెట్టు ముక్క కరిగించి చీలిక మీద రుద్దేవారు. ఇత్తడి బిందెకు మాటు వేసిన పనివాళ్లే ప్లాస్టిక్ వచ్చాక దానికీ మాటు వేయడం నేర్చుకున్నారు. ఎర్రగా కాల్చిన కడ్డీతో మాత్రం ఇబ్బంది ఉంది. పాలిథీన్‌కు 130 డిగ్రీల దగ్గర కరిగే గుణం ఉంటే, పొగలు కక్కే కడ్డీ దాన్ని మాడుస్తుంది. మాడిన పొరలో గొలుసులు తెగిపోయి ఉంటాయి, అవి ఇక చిక్కుపడలేవు. పొగ వస్తోందంటే వేడి ఎక్కువైందని అర్థం.

మిద్దె మీద నీళ్ల ట్యాంకు చీలితే పనికొచ్చే కిటుకు ఒకటి చెబుతాను. ట్యాంకుకు నిపుల్ బిగించడానికి ప్లంబరు రంధ్రం చేసినప్పుడు గుండ్రటి బిళ్ల ఒకటి ఊడి పడుతుంది. దాన్ని పారేయొద్దు, దారానికి కట్టి దాచండి. రేపు ట్యాంకు చీలితే ఆ బిళ్లను సన్నగా కోసి, చీలికలో కరిగించి నింపే రాడ్డుగా వాడితే జాతి సరిపోతుందా లేదా అన్న అనుమానమే ఉండదు. చీలిక చివర్లలో చిన్న రంధ్రాలు వేసి, చీలిక పొడుగునా ఇంగ్లిషు వి ఆకారంలో గాడి తీసి, ఎండకు పెళుసెక్కిన పైపొర గీకేసి, హీట్ గన్‌తో గాడినీ రాడ్డునూ ఒకేసారి వేడి చేస్తూ నింపుకుంటూ పోవాలి. రాడ్డు ఒక్కటే కరిగి గాడి చల్లగా ఉంటే సంగటి ముద్ద కథే మళ్లీ.

ఆ పైపు దగ్గర ఏం జరిగింది

నల్ల పైపుల్ని ఎదురెదురుగా కలిపే పద్ధతిని బట్ వెల్డింగ్ అంటారు. ఒక బిగింపు మిషను, ఒక చిత్రిక పట్టే పళ్లెం, ఒక హీటరు ప్లేటు. ప్లేటు మీద టెఫ్లాన్ పూత ఉంటుంది, దోశ పెనం మీద ఉండేదే, ప్లాస్టిక్ అంటుకోకుండా. దాని వేడి 200 నుంచి 230 డిగ్రీల మధ్య ఉండాలి.

ముందు రెండు కొసల్నీ చిత్రిక పళ్లెంతో చెక్కుతారు. మొదట తునకలుగా రాలే పొట్టు, తర్వాత ఎక్కడా తెగకుండా గుండ్రంగా చుట్టు తిరిగి వచ్చిందంటే మొహం సమంగా ఉన్నట్టు. చెక్కాక ఆ మొహాన్ని చేత్తో ముట్టకూడదు, చెమట, నూనె అంటుకుంటాయి. తర్వాత మధ్యలో ప్లేటు పెట్టి రెండు కొసల్నీ దానికి అదుముతారు. చుట్టూ మిల్లీమీటరు ఎత్తున ఉబ్బు లేచేదాకా ఈ ఒత్తిడి. మా పైపంత మందానికి ఇది సుమారు 32 కిలోల బరువుతో తోసినట్టు. పైపును జరపడానికి అయ్యే బలం దీనికి అదనం.

ఉబ్బు లేవగానే ఒత్తిడి దాదాపు సున్నాకు తగ్గించి, ప్లేటుకు ఆనించి మాత్రమే ఉంచాలి. మిల్లీమీటరు మందానికి పది సెకన్ల లెక్కన, మాకైతే నిమిషం పైచిలుకు. అప్పుడు వేడి లోపలికి దిగుతుంది. ఇక్కడ కూడా నొక్కుతూనే ఉంటే కరిగినదంతా బయటికి పిండుకుపోయి, మొహం మీద చల్లటి పదార్థమే మిగులుతుంది. బయట ఉబ్బు మాత్రం పెద్దగా, అందంగా వస్తుంది. పెద్ద ఉబ్బు చూసి గట్టి అతుకు అనుకోవద్దనడం ఇందుకే.

తర్వాత ప్లేటు తీసి, రెండు కొసల్నీ కలపాలి. దీనికున్న సమయం ఆరు సెకన్లు కూడా లేదు. గాలి తగిలితే పొర కడుతుంది. ఈ గడియలో చేయి తడబడితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. కలిపి, మళ్లీ మొదటంత ఒత్తిడి పెట్టి, అలాగే బిగించి చల్లారనివ్వాలి. ఎంతసేపు? మిల్లీమీటరుకు నిమిషం పైనే. మా పైపుకు దాదాపు పది నిమిషాలు, మన ఎండల్లో ఇంకొంచెం ఎక్కువే.

మాకు అతుకులు వేసిన కుర్రాడు మంచి పనిమంతుడే. కానీ ఒకే రోజులో ముప్పై అతుకులు వేయాలని ఒప్పుకుని వచ్చాడు. ఒక్కో అతుకుకు ఇరవై నిమిషాలు పెడితే పది గంటలు. అంత సమయం వాడికి లేదు. రెండు నిమిషాలకే బిగింపు విప్పి, తడిగుడ్డ చుట్టి, పైపును పక్కకు లాగి పడేసి తర్వాతి దానికి వెళ్లిపోయేవాడు. "చెయ్యి పెట్టి చూడన్నా, చల్లగానే ఉంది" అన్నాడు. పైన చల్లగానే ఉంది. ప్లాస్టిక్ వేడిని చాలా నెమ్మదిగా వదులుతుంది, ఇనుముతో పోలిస్తే వందో వంతు వేగం కూడా ఉండదు. పైన తడిగుడ్డ తగిలి బిగుసుకుపోయింది, లోపల ఇంకా పాకంగానే ఉంది. పాలిథీన్ గడ్డకట్టేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది. ఆ కుంచింపును భర్తీ చేస్తూ ఒత్తిడి తోస్తూ ఉండాలి. తోసే చేయి లేకపోతే రెండు మొహాలూ ఎవరి వైపుకు అవి ముడుచుకుంటాయి, మధ్యలో కంటికి కనపడని సందులు మిగులుతాయి. బోరు మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ తగిలే కుదుపుకు ఆ సందులు పెరుగుతూ పోతాయి.

ఇంత జాగ్రత్త మనిషి చేతిలో పెట్టడం ఇష్టంలేని చోట్ల ఎలక్ట్రోఫ్యూజన్ వాడతారు. వంటగ్యాస్ పసుపు పైపులకు ఎక్కువగా ఇదే. జాయింటు లోపలే సన్నటి తీగ చుట్టి ఉంటుంది, మిషను దాని బార్‌కోడ్ చదువుకుని, ఎన్ని సెకన్లు కరెంటు ఇవ్వాలో తనే చూసుకుంటుంది. అయినా ఒక పని మనిషిదే: పైపు పైపొరను పల్చగా గీకడం. గాలికి, ఎండకు ముదిరిన ఆ పొర గీకకపోతే ఎంత తెలివైన మిషనైనా అతికించలేదు.

నీటి కుంటల్లో పరిచే షీట్ల అతుకు నాకు చాలా నచ్చుతుంది. వేడి చేసిన లోహపు నాలుక రెండు షీట్ల మధ్య పాకుతూ పోతుంటే, వెనకే చక్రాలు రెంటినీ నొక్కుతూ వస్తాయి. ఒక్క గీత కాదు, పక్కపక్కన రెండు గీతలు అతుకుతుంది, మధ్యలో సన్నటి సొరంగం వదిలేస్తుంది. తర్వాత రెండు కొసలూ మూసి, సూది గుచ్చి ఆ సొరంగంలోకి గాలి కొడతారు. గేజీలో ముల్లు పడిపోకుండా నిలబడితే అతుకు మొత్తం బాగున్నట్టు. పరీక్షించే దారిని అతుకులోనే పెట్టిన ఆలోచన అది. కుంట వేయించుకునే రైతులు ఈ గాలి పరీక్షను కళ్లారా చూశాకే డబ్బు ఇవ్వాలి.

కరకంబాడి దారిలో

తిరుపతి నుంచి రేణిగుంట వైపు కరకంబాడి మీదుగా వెళ్లేవాళ్లకు అమరరాజా పేరు కొత్త కాదు. 1985లో మొదలైన ఆ సంస్థ వల్ల మన ప్రాంతంలో చాలా ఇళ్లలో బ్యాటరీ గురించి తెలిసినవాళ్లు ఒకరైనా ఉంటారు. మామూలు కారు బ్యాటరీని అతుకుల కోసమే చూడండి, రెండు వేర్వేరు లోకాలు అందులో పక్కపక్కన కనపడతాయి.

పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు, మధ్యలో ఐదు గోడలు. డబ్బా పాలిప్రొపిలీన్, అది 165 డిగ్రీలకు అటూ ఇటూగా కరుగుతుంది. లోపల సీసం, దానికి 327 డిగ్రీలు కావాలి. ఒక గది నుంచి పక్క గదికి కరెంటు పోవాలంటే గోడలోని చిన్న రంధ్రం గుండా ఇటు సీసాన్ని అటు సీసంతో వెల్డింగ్ చేయాలి. ప్లాస్టిక్ కరగకూడదు, ఆమ్లం కారే సందు ఉండకూడదు. రెండు దవడల మధ్య సీసాన్ని గట్టిగా అదిమి, రంధ్రంలో ఒకదానికొకటి తగిలేలా చేసి, పెద్ద కరెంటును కొద్ది క్షణమే పంపుతారు. తగిలిన చోట సీసం కరిగి ఒకటవుతుంది, ఆ వేడి గోడకు పాకేలోపే పని అయిపోతుంది. అదిమిన సీసమే రంధ్రాన్ని మూసేస్తుంది. ప్లాస్టిక్‌కు నెమ్మది ఎంత ముఖ్యమో, ఇక్కడ వేగం అంత ముఖ్యం.

ఆపైన మూత. డబ్బా అంచునూ మూత అంచునూ వేడి ప్లేటుకు ఆనించి, కరిగాక ప్లేటు లాగేసి, ఒకదాని మీద ఒకటి నొక్కుతారు. మా తోటలో జరిగిన పనే, మిషను చేతిలో. పాత బ్యాటరీలు చూసిన మెకానిక్కులకు నల్లటి ఎబొనైటు డబ్బాలు, మూత చుట్టూ పోసిన తారు గుర్తుండే ఉంటాయి. ఎబొనైటు అంటే గంధకంతో ఉడికించిన రబ్బరు, ఇటుక జాతి. కరగదు, అతకదు, అందుకే తారు పోయాల్సి వచ్చింది. పాలిప్రొపిలీన్ డబ్బాలొచ్చాక ఆ తారు అవసరం పోయింది.

రేణిగుంట, శ్రీసిటీ వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పనికి వెళ్లే పిల్లలు ఇళ్లలో చెప్పే మాట అల్ట్రాసోనిక్. మీ ఫోన్ చార్జరు చేతిలోకి తీసుకుని చూడండి. స్క్రూ లేదు, జిగురు లేదు, రెండు చిప్పలు కలిసిన సన్నటి గీత మాత్రం ఉంటుంది. ఒక చిప్ప అంచున గోపురంలా సన్నటి గట్టు పోస్తారు. రెండూ కలిపి పెట్టి, లోహపు కొమ్ము ఒకటి పైన ఆనించి సెకనుకు 20,000 సార్లు కంపింపజేస్తారు. రాపిడి అంతా ఆ గట్టు మొన దగ్గరే పోగై, సెకను లోపే అది కరిగి పరచుకుంటుంది. లోపలి సర్క్యూట్ వేడెక్కదు. మాస్కుల చెవి తాళ్లకు కుట్టు లేకపోవడానికీ ఇదే కారణం.

ఆస్పత్రిలో రక్తం ఇచ్చాక సంచి గొట్టాన్ని చిన్న యంత్రం నోట్లో పెట్టి క్షణంలో మూసేస్తారు, గమనించారా? అది రేడియో తరంగాల పని. పీవీసీ గొలుసుల్లో ఒకవైపు ప్లస్, ఒకవైపు మైనస్ గుణం ఉంటుంది కాబట్టి తరంగంతో పాటు ఊగి లోపలి నుంచే వేడెక్కుతుంది. పాలిథీన్‌లో ఆ గుణం లేదు, ఎంతసేపు పెట్టినా చల్లగానే ఉంటుంది. లేజరుతో అతికే పద్ధతీ ఉంది: పైముక్క కాంతిని వదిలేయాలి, కింది నల్ల ముక్క తాగేయాలి, అప్పుడు రెంటి మధ్యనే కరుగుతుంది.

ప్లాస్టిక్‌ను లోహంతో కలపాలంటే గొలుసుల చిక్కు కుదరదు. ఇత్తడి మరల బిళ్లను వేడి చేసి ప్లాస్టిక్ రంధ్రంలోకి దించితే, కరిగిన ప్లాస్టిక్ దాని ఒంటి మీది గరుకు గాళ్లలోకి పారి పట్టుకుంటుంది. అది పట్టు మాత్రమే. తిప్పితే తిరగకుండా గాళ్లు, లాగితే రాకుండా నడుము దగ్గర నొక్కు పెట్టడం అందుకే.

ఊడిన పైపును ఆ కుర్రాడే వచ్చి మళ్లీ అతికాడు. పాత అతుకుకు రెండు వైపులా జానెడు కోసేసి, కొత్తగా చెక్కి, కొత్తగా వేడి చేశాడు. బిగింపు విప్పబోతుంటే ఆపి, ఫోన్లో పన్నెండు నిమిషాల అలారం పెట్టి, ఆ ఫోన్ను మిషను పక్కన ఉంచాను. ఇద్దరం మామిడి చెట్టు కింద కూర్చున్నాం. నున్నగా ఊడిన పాత మొహాన్ని వాడి చేతికిచ్చి, పక్కనే చాకుతో చీల్చిన ఇంకో అతుకు ముక్క పెట్టాను. అందులో పీచులు లేచి తెల్లగా ఉన్నాయి. వాడు రెంటి మీదా బొటనవేలు రుద్ది రుద్ది చూశాడు. "మిగతా ఇరవై తొమ్మిదీ చూడాల కదన్నా" అన్నాడు. అలారం మోగాకే బిగింపు విప్పి, మొదటి దాని దగ్గరికి మిషను మోసుకెళ్లాడు.